దారం చూపిన దూరం

మా బడిలో తొమ్మిదో తరగతి గదిలోని బీరువా మీద ఒక భూగోళం ఉంది. దాని అడ్డుకొలత 30 సెంటీమీటర్లు. దక్షిణ ధ్రువం దగ్గర కాగితం కాస్త లేచిపోయింది. దాని పక్కనే ఒక అగ్గిపెట్టెలో 32 సెంటీమీటర్ల పొడవున్న ఎర్రదారం ముక్క ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి, "అయ్యా! ఈ దారం ఎందుకు?" అని అడుగుతుంటారు. "మా అత్తకూ, మా చిన్నాయనకూ మధ్య ఉన్న దూరం అది" అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. తరువాత కథంతా చెప్పమని పట్టుబడతారు. ఆ కథే ఇది.

మాది పెరియపాళయానికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న చిన్న పల్లె. మద్రాసు నుండి ఊత్తుకోటకు పోయే దారిలో, నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరాన, ఆరణియారు ఒడ్డున పెరియపాళయం ఉంది. అక్కడ వెలసిన భవానీ అమ్మవారు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఇలవేల్పు వంటిది. ఆడినెల వచ్చిందంటే చాలు, ఆదివారాలలో ఆ వీధుల్లో ఇసుక వేస్తే రాలదు. మొక్కు ఉన్న ఆడవాళ్ళు ఏటిలో స్నానం చేసి, వేపమండలను చీరలా చుట్టుకొని గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. గుడి ముందు బారులు తీరిన వాళ్ళలో సగం మంది తమిళంలో మొక్కుకుంటే, సగం మంది తెలుగులో మొక్కుకుంటారు. మా వైపు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. రెండూ మాకు రెండు కళ్ళు.

మా ఇంట్లో దేవుడి గూటిలో ఒక పసుపు గుడ్డ ముడుపు ఉండేది. దానికి రెండు ముడులు. ఒక్కొక్క ముడిలో ఒక కాలణా బిళ్ళ. నా చిన్నతనంలో ప్రతి ఆడినెలలోనూ మా తాత ఆ గూడు తుడిచి, పాత గుడ్డ చివికిపోతే కొత్త గుడ్డకు పసుపు రాసి, ఆ బిళ్ళలను మళ్ళీ ముడివేసి పెట్టేవాడు. "ఈ ముడుపు అమ్మవారికి ఎందుకు చెల్లించలేదు తాతా?" అని ఒకసారి అడిగాను. "చెల్లించవలసినవాళ్ళు ఇంకా ఇంటికి రాలేదురా" అన్నాడు.

తాత నాయనకు ఒక అన్న, ఒక తమ్ముడు ఉండేవారు. అన్న 1899లో నెటాల్‌కు పోయాడు. తమ్ముడు 1908లో ఫిజీకి పోయాడు. ఇద్దరూ చెరకు తోటల్లో కూలికే పోయారు. ఇద్దరూ మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. పెద్దకొడుకు పోయిన నాడు వాళ్ళ తల్లి ఒక కాలణా ముడి వేసి, "వీడు తిరిగి వస్తే నీకు చెల్లిస్తాను తల్లీ" అని మొక్కుకుంది. చిన్నకొడుకు పోయిన నాడు అదే గుడ్డ రెండో కొసలో రెండో కాలణా ముడి వేసింది. మొదటి బిళ్ళ మీద విక్టోరియా రాణి తల, రెండో దాని మీద ఎడ్వర్డు రాజు తల. ఆ తల్లికి రాజ్యం మారిన సంగతి పట్టలేదు. కొడుకుల దారి చూడటమే ఆమె పని. ఆమె పోయేనాటికి మా తాత పన్నెండేళ్ళవాడు. "గూడు మూయవద్దు" అన్నదే ఆమె చివరి మాట అని తాత చెప్పేవాడు.

ఇలాంటి ముడుపులు మన ప్రాంతంలో ఎన్ని ఇళ్ళల్లో ఉండేవో ఎవరు లెక్క పెట్టారు? బ్రిటిషు వారి వలసరాజ్యాల్లో బానిసత్వం రద్దయిన తరువాత తోటల యజమానులకు పనివాళ్ళు కరువయ్యారు. అప్పుడు మన దేశం నుండి ఐదేళ్ళ ఒప్పందం మీద కూలీలను ఓడల్లో తరలించారు. ఆ ఒప్పందాన్ని కూలీలు "గిరిమిట్" అన్నారు. ఇంగ్లీషు "అగ్రిమెంట్" వాళ్ళ నోట అలా మారింది. నెటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. ఫిజీకి మొదటి ఓడ 1879లో కలకత్తా నుండి పోయింది. మద్రాసు నుండి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఉత్తర ఆర్కాడు, చెంగల్పట్టు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం మొదలైన జిల్లాలవాళ్ళు ఆ ఓడల్లో ఉన్నారు. నెటాల్‌కు ఈ వలస 1911లో ఆగింది. ఫిజీకి 1916లో ఆగింది. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. ఎక్కువమంది అక్కడే నిలిచిపోయారు.

నెటాల్ నుండి మా ఇంటికి ఒకే ఒక్కసారి మనియార్డరు వచ్చిందట. ఫిజీ నుండి ఒకే ఒక్క ఉత్తరం వచ్చిందట. అది ఎవరిచేతో రాయించినది. "ఇక్కడ పొద్దు మీకంటే ముందే పొడుస్తుంది" అని అందులో ఉందని తాత చెప్పేవాడు. చిన్నప్పుడు అది కట్టుకథ అనుకున్నాను. పొద్దు అందరికీ ఒకటే కదా, ఒకరికి ముందు, ఒకరికి వెనుక ఎలా పొడుస్తుంది? ఆ ఉత్తరం రాయించినవాడు బడి మొగం చూడనివాడు. అయినా భూగోళశాస్త్రంలో నాకు మొదటి పాఠం చెప్పినవాడు అతడే అని చాలా కాలానికి గాని తెలుసుకోలేదు.

తాత పోయాడు. మా నాయన కూడా పోయాడు. ముడుపు నా చేతికి వచ్చింది.

2017లో ఒకనాడు మా ఊరి తపాలా అతను ఒక కవరు తెచ్చి, "ఇది ఎవరికో తెలియడం లేదు అయ్యా, మీరే చూడండి" అని ఇచ్చాడు. పైన మనిషి పేరు లేదు, మా పల్లె పేరు మాత్రం ఉంది. లోపల ఒక పాత రిజిస్టరు పుటకు నకలు ఉంది. ఓడ ఎక్కిన ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు ఆనాటి అధికారులు రాసి పెట్టారు. మనిషిని పోల్చుకోవడానికి, పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న ఆ వివరాలే నూరేళ్ళ తరువాత మనవలకు ఊరి దారి చూపాయి. ఆ పుటలో మా పెద్దతాత పేరు ఉంది. అతడి తండ్రి పేరు ఉంది. ఎడమ మోచేతి మీద మచ్చ అని ఉంది. కవరు పంపినది డర్బన్ దగ్గర ఉన్న అతడి మనవరాలు. వరుసకు నాకు అత్త.

ఒక కొస దొరికితే రెండో కొస వెతకడం సులువు. ఫిజీలో కూడా అటువంటి వలస పత్రాలను భద్రపరిచారు. అత్త కొడుకు ఏడాదిన్నర పాటు ఉత్తరాలు రాసి, నాంది పట్టణం దగ్గర ఉన్న చిన్నతాత మనవణ్ణి కనిపెట్టాడు. ఆయన నాకు చిన్నాయన. అప్పటికి ఆయనకు 78 ఏళ్ళు, అత్తకు 74 ఏళ్ళు. ఆయన చెరకు రైతు. ఆమె ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నది.

2019 దీపావళి నాడు ముగ్గురం ఒకేసారి ఫోనులో మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడానికి భాష ఏది? అత్తకు ఇంగ్లీషు బాగా వచ్చు. చిన్నాయనకు ఫిజీ హిందీ బాగా వచ్చు, ఇంగ్లీషు కొంచెం వచ్చు. తెలుగు ఇద్దరికీ గుప్పెడే మిగిలింది. డర్బన్‌లో 1931 నుండి ఆంధ్ర మహాసభ ఉంది. ఫిజీలో 1941లో తెలుగువాళ్ళు దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం స్థాపించుకున్నారు. వాటి పుణ్యాన కొన్ని పాటలు, పండుగలు, అక్షరాలు నిలిచాయి. ఆ రోజు అత్త మొదట ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి, ఆగిపోయి, "అన్నా!" అంది. అవతలినుండి "చెల్లీ!" అని వినబడింది. ఆ తరువాత కాసేపు ఎవరికీ ఏ భాషా అవసరం లేకపోయింది.

చివరికి అత్త నన్ను అడిగింది: "నువ్వు పంతులువి కదా. మా ఇంటి నుండి అన్న ఇల్లు ఎంత దూరం? విమానంలో పోతే ఎన్ని గంటలు?"

"ఇంతేనా? రేపే చెబుతాను" అన్నాను.

మరునాడు బడిలో గోడకు వేలాడే ప్రపంచపటం ముందు నిలబడి కొలబద్ద పట్టుకున్నాను. డర్బన్ ఆఫ్రికా ఖండం ఆగ్నేయ తీరంలో ఉంది. నాంది పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీ పెద్దదీవి అయిన వితిలెవు పడమటి తీరాన ఉంది. రెండూ భూమధ్యరేఖకు దక్షిణంగానే ఉన్నాయి. రెండింటికీ మధ్య సరళరేఖ గీస్తే అది హిందూ మహాసముద్రం దాటి, ఆస్ట్రేలియా నడుమ నుండి పోయింది. పటం కింద ఇచ్చిన కొలత ప్రకారం లెక్కవేస్తే 16,000 కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. నల్లబల్ల మీద ఆ అంకె రాశాను.

వెనుక బల్ల మీది నుండి ఒక అమ్మాయి లేచింది. ఆమె తండ్రి పెరియపాళయంలో పూలు కడతాడు. "అయ్యా! పటం బల్లపరుపుగా ఉంది. భూమి గుండ్రం కదా! దారం పెట్టి గోళం మీద కొలిస్తే అదే అంకె వస్తుందా?" అంది.

"రాక ఎక్కడికి పోతుంది?" అన్నాను. కాని ఆ మాట అంటున్నప్పుడే నాలో ఒక అనుమానం మొదలైంది.

ఆమె సంచిలో పూలు కట్టే ఎర్రదారం ఉండనే ఉంది. భూగోళాన్ని బల్ల మీదికి దించాం. దారం ఒక కొసను ఒక పిల్లవాడు డర్బన్ మీద వేలితో నొక్కి పట్టాడు. రెండో కొసను ఆ అమ్మాయి నాంది వైపు లాగింది. మొదట దారాన్ని పటంలోని గీతలాగే ఆస్ట్రేలియా మీదుగా పరిచాం. వదులుగా ఉంది. గట్టిగా లాగేసరికి అది జారి కిందికి, ఇంకా కిందికి పోయింది. ఆస్ట్రేలియాను పూర్తిగా వదిలేసింది. మనుషులు కాపురం ఉండని హెర్డ్ దీవి దగ్గరగా పోయి, అంటార్కిటికా మంచు తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం దాకా దిగి, టాస్మేనియాకు దక్షిణంగా తిరిగి, మళ్ళీ పైకెక్కి నాంది చేరింది. బిగువుగా ఉన్న దారాన్ని కొలిస్తే 32 సెంటీమీటర్లు. ఆ గోళం చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కాబట్టి ఒక సెంటీమీటరుకు ఇంచుమించు 425 కిలోమీటర్లు. 32ను 425తో గుణిస్తే 13,600. తరువాత అక్షాంశ రేఖాంశాలు పట్టి త్రికోణమితి లెక్క కట్టి చూస్తే 13,630 కిలోమీటర్లు వచ్చింది. పూలు కట్టే దారం 30 కిలోమీటర్ల తేడాతో నిజం చెప్పింది. పంతులు కొలబద్ద రెండున్నర వేల కిలోమీటర్లకు మించి తప్పు చెప్పింది.

తప్పు కొలబద్దది కాదు, పటానిది కూడా కాదు. బత్తాయి తొక్క వలిచి బల్ల మీద పరిస్తే అది చినగకుండా, సాగకుండా చదునుగా పరుచుకోదు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తెచ్చినప్పుడు కూడా ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. భూమధ్యరేఖ దగ్గర ఒక రేఖాంశానికీ పక్క రేఖాంశానికీ మధ్య దూరం 111 కిలోమీటర్లు. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 96 కిలోమీటర్లే. 56 డిగ్రీల దగ్గర 62 కిలోమీటర్లే. ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ ఒకే బిందువులో కలుస్తాయి. గోడ మీది పటం మాత్రం అన్నిచోట్లా వాటిని ఒకే ఎడంగా చూపుతుంది. అందుకే దారం దక్షిణానికి జారింది. అక్కడ భూమి సన్నగా ఉంది కనుక అడ్డదారి దొరికింది. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారిని గొప్ప వృత్తం చాపం అంటారు. ఆ వృత్తం కేంద్రం భూమి కేంద్రమే. నావికులు, విమాన చోదకులు దాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

నేను నల్లబల్ల మీది అంకె చెరిపి, ఆ అమ్మాయి చేతనే కొత్త అంకె రాయించాను. పిల్లల ముందు తప్పు దిద్దుకోవడంలో పంతులుకు చిన్నతనం లేదు. దిద్దుకోకపోవడంలోనే ఉంది.

ఇక కాలం సంగతి. పెద్ద విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. 13,630ని 900తో భాగిస్తే 15 గంటల 9 నిమిషాలు. ఎగరడానికి, దిగడానికి మరో అరగంట వేసుకోవచ్చు. అయితే గాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ దక్షిణ సముద్రాల మీద పడమటి గాలులు ఏడాది పొడవునా బలంగా వీస్తాయి. పాత కాలపు ఓడవాళ్ళు వాటి హోరుకు జడిసి, ఆ అక్షాంశాలకు "గర్జించే నలభైలు" అని పేరు పెట్టారు. తూర్పుకు పోయే విమానాన్ని ఆ గాలి వెనుకనుండి నెడుతుంది. పడమటికి వచ్చే విమానాన్ని ఎదురుగా అడ్డుకుంటుంది. జొహానెస్‌బర్గ్, సిడ్నీ నగరాల మధ్య దూరం ఇంచుమించు 11,050 కిలోమీటర్లు. పోయేటప్పుడు 12 గంటలు పట్టే ఆ ప్రయాణం తిరిగి వచ్చేటప్పుడు 14 గంటలు పడుతుంది. దూరం ఒకటే, కాలం వేరు. ఏటికి ఎదురీదే వాడికీ, వాలున పోయే వాడికీ ఉన్న తేడా అది.

ఇన్ని లెక్కలు వేసిన తరువాత తెలిసిందేమంటే, డర్బన్ నుండి నాందికి నేరుగా పోయే విమానమే లేదు! రోజూ విమానం నింపేటంత మంది ఆ దారిన ప్రయాణం చేయరు. పైగా ఆ దారిలో వేల కిలోమీటర్ల మేర దిగడానికి విమానాశ్రయం ఉండదు. రెండు ఇంజన్ల విమానంలో ఒక ఇంజను చెడితే, రెండో దానితో నిర్ణీత సమయంలోగా ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి అన్న నియమం ఉంది. కనుక ఉన్న దారుల్లో దగ్గరిది డర్బన్ నుండి జొహానెస్‌బర్గ్, అక్కడినుండి సిడ్నీ, అక్కడినుండి నాంది. మొత్తం సుమారు 14,700 కిలోమీటర్లు. గాలిలో ఉండేది 17 గంటలు. మధ్యలో కాచుకొని ఉండే సమయం కలిపితే ఒకటిన్నర రోజు.

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి అత్తకు పంపాను. ఆమె బదులుగా అడిగింది: "పెరియపాళయం మీదుగా పోతే ఎంత?"

దారం మళ్ళీ తీశాం. డర్బన్ నుండి మద్రాసుకు 7,080 కిలోమీటర్లు. మద్రాసు నుండి నాందికి 11,200. కలిపితే 18,280. విమానాలు మారవలసిన వంకర దారులు పట్టి చూస్తే 20,000 దాటుతుంది. అంటే భూమి చుట్టుకొలతలో సగం! దారం చూపిన దారికి ఒకటిన్నర రెట్లు. నేను ఆ మాటే చెప్పి, వద్దన్నాను. అత్త వినలేదు. "మా తాత నీ ఊరి నుండి వచ్చాడు. అన్న తాత కూడా అక్కడినుండే పోయాడు. మేము కలవడానికి అదే దగ్గరి దారి" అంది. ఆ మాటకు నా దగ్గర లెక్క లేదు.

2020 మే నెలలో ప్రయాణం అనుకున్నారు. మొదట మా ఊరు, తరువాత నాంది. మార్చిలో కరోనా మహమ్మారి వచ్చింది. దేశాలు ఒకదాని తరువాత ఒకటి ఆకాశపు తలుపులు మూసుకున్నాయి. మన దేశంలో 2020 మార్చి 23న ఆగిన మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్ళీ 2022 మార్చి 27న గాని మొదలు కాలేదు. ఫిజీ 2021 డిసెంబరు దాకా యాత్రికులను రానివ్వలేదు. బీరువా మీది దారం 32 సెంటీమీటర్లే ఉంది. ఒక్క అంగుళమైనా పెరగలేదు. కాని 15 గంటల దూరం కాస్తా ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేని దూరమైపోయింది. ఒకప్పుడు పొగ ఓడలు ఇంచుమించు నెల రోజుల్లో మద్రాసు నుండి ఫిజీ చేరేవి. ఆ కాలపు కూలీ కంటే మనం దూరమైపోయామే అనిపించింది నాకు.

ఆ రెండేళ్ళూ ఆదివారాల్లో ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం. మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం పన్నెండు అయినప్పుడు డర్బన్‌లో ఉదయం ఎనిమిదిన్నర, నాందిలో సాయంత్రం ఆరున్నర. అత్త కాఫీ తాగుతుండేది. నేను అన్నానికి కూర్చునేవాణ్ణి. చిన్నాయన వాకిట్లో దీపం పెట్టించేవాడు. "ఇక్కడ పొద్దు మీకంటే ముందే పొడుస్తుంది" అన్న పాత ఉత్తరం గుర్తుకు వచ్చేది. చిన్నాయన తన పెరటి నుండి చూస్తే నాంది విమానాశ్రయంలో దిగే విమానాలు కనబడతాయని చెప్పేవాడు. విమానాశ్రయం చుట్టూ చెరకు తోటలే. డర్బన్ వైపు 2010లో తెరిచిన కింగ్ షాకా విమానాశ్రయం కూడా చెరకు పండిన నేల మీదే కట్టారు. ఒకే చెరకు అన్నదమ్ములను రెండు దిక్కులకు విడదీసింది. ఇప్పుడు వాళ్ళ మనవలు కలుసుకోవలసిన విమానాలు దిగేది కూడా ఆ చెరకు తోటల నడుమే.

"ఈ వారం ఒక్క విమానం కూడా దిగలేదురా అబ్బాయీ" అని చిన్నాయన చెప్పేవాడు. 2021లో ఒక ఆదివారం ఫోను ఆయన కొడుకు తీశాడు. చిన్నాయన ఇక లేడని చెప్పాడు.

అత్తకు ఆ మాట నేనే చెప్పవలసి వచ్చింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేను ఇంకా వస్తాను" అంది.

2022లో ఆడినెలలో వచ్చింది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో బయటికి వచ్చిన ఆమెను చూడగానే నాకు కొత్తమనిషి అనిపించలేదు. మా నాయన ముక్కు, మా నాయన నుదురు. మీనంబాకం నుండి పెరియపాళయానికి 60 కిలోమీటర్లు ఉంటుంది. విమానానికి అది నాలుగు నిమిషాల దూరం. మాకు రెండున్నర గంటలు పట్టింది. అత్త కారు అద్దం దించి, అంగళ్ళ పేర్లు చదవలేకపోయినా, దారి పొడవునా చూస్తూనే కూర్చుంది. ఆడబిడ్డను ఆడినెలలో పుట్టింటికి తీసుకువెళ్ళడం మన వైపు ఆచారం. నూట ఇరవై మూడేళ్ళ తరువాత మా ఇంటి ఆడబిడ్డ పుట్టింటికి వచ్చింది.

మా ఇంట్లో ఆమె మొదట అడిగింది ముడుపు. గూటి నుండి తీసి చేతికిచ్చాను. ఆదివారం తెల్లవారుజామున ఆమెను గుడికి తీసుకువెళ్ళాం. ఏటిలో ఆ రోజు మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. అత్త ఒంగి చేతిని తడుపుకుని తలకు రాసుకుంది. అమ్మవారి ఎదుట కూర్చుని మొదటి ముడి విప్పింది. నూరేళ్ళ పైబడి మూయబడి ఉన్న విక్టోరియా బిళ్ళ నల్లగా బయటపడింది. దాన్ని హుండీలో వేసింది. రెండో ముడి దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది నాది కాదు" అంది. "అన్నది. వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి విప్పాలి."

వారం రోజులు మా ఇంట్లో ఉండి, రెండో ముడి ఉన్న ఆ గుడ్డనే చేతిసంచిలో పెట్టుకొని, అత్త సింగపూరు మీదుగా నాందికి పోయింది. అన్న లేని ఇంట్లో పది రోజులు ఉంది. చిన్నాయన మనవరాలి చేతిలో ఆ ముడుపు పెట్టి, "పెరియపాళయంలో విప్పాలి, మరిచిపోకు" అని తెలుగులోనే చెప్పిందట. ఆ మూడు మాటలూ మా బడిలో పిల్లలు ఆమెకు నేర్పినవి.

ఆ అమ్మాయి ఇంకా రాలేదు. వస్తానని రాసింది. ఎర్రదారం అందుకే అగ్గిపెట్టెలో ఉంది.

పిల్లలూ! రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంత అని ఎవరైనా అడిగితే కొలబద్ద తీయండి. తరువాత దారం తీయండి. గాలి ఎటు వీస్తుందో, విమానం ఎక్కడ మారాలో కనుక్కోండి. ఆ తరువాత ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, మన ఇంటి నుండి ఎవరు ఎక్కడికి పోయారో అడగండి. దేవుడి గూటిలోనో, తకరం పెట్టె అడుగునో ఏదో ఒక ముడి ఉండకపోదు. దాన్ని తొందరపడి విప్పకండి. ఎవరిదో తెలుసుకోండి.